ఒకే మాటను నూరుమంది పలికినచో

నూరుమంది ఒకే మాట చెప్పినచో అవి నూరు సాక్ష్యములగునా, లేక ఒక్కటే యగునా? ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. దీనికి గణితము కొంత వెలుగు చూపును.

9వ శతాబ్దమున, అమోఘవర్షుని కాలమున, జైన గణితవేత్త మహావీరాచార్యులు ‘గణితసార సంగ్రహము’ రచించిరి. పావులూరి మల్లన దానిని తెలుగు చేసెను. అందొక లెక్క కలదు: 9 మాదీఫలములు, 7 వెలగపండ్ల వెల 107; 7 మాదీఫలములు, 9 వెలగపండ్ల వెల 101. విడివిడిగా వెల యెంత? మాదీఫలము 8, వెలగపండు 5.

ఈ లెక్కను తిరువళ్లూరు అంగడిలో అడిగిరనుకొందము. మూడవవాడు వచ్చి, 18 మాదీఫలములు, 14 వెలగపండ్లు 214 అనును. అది మొదటి మాటకు రెట్టింపు మాత్రమే. నాలుగవవాడు, పదహారేసి పండ్లు 208 అనును. అది మొదటి రెండింటి మొత్తమే. వాక్యములు నాలుగు, స్వతంత్రమైనవి రెండే. ఈ సంఖ్యనే మాత్రిక ‘కోటి’ యందురు.

మొదటివాని మాట యొక్కటే విన్నచో? మాదీఫలము 11½, వెలగపండు ½ అయినను మొత్తము 107 గానే యుండును. ఆ మార్పు వానికి కనబడదు. ఇట్లు కనబడని మార్పులన్నియు చేరునది శూన్యాంతరాళము. ప్రతి దృష్టికిని తెలిసిన దిక్కులు, తెలియని దిక్కులు కలిపినచో తెలియవలసినవన్నియు లెక్కకు వచ్చును.

అట్లని పునరుక్తి వ్యర్థము గాదు. మూడవవాడు 215 అనియున్నచో, ఎవరో తప్పు చెప్పిరని వెంటనే తేలెడిది. అది కొత్త జ్ఞానము నీయదు, అసత్యమును పట్టించును.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది; చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. ఇట్టి వివాదమున తనవారు నూరుమంది తన మాటనే పలికిరని ఒకడు సంతృప్తి చెందినచో, వాని కోటి ఒక్కటే. ఎదుటి భాషవాడు పలికిన ఒక్క మాట దానిని రెండు చేయవచ్చును. అనేకాంతము కోరునది ఇదియే: గొంతుల సంఖ్య గాదు, దృష్టుల స్వాతంత్ర్యము.

అయితే ఒక హెచ్చరిక. కోటి జ్ఞానమునే కొలుచును, దుఃఖమును గాదు. నూరు ఇండ్లలో ఒకే బాధ యున్నచో, తెలిసికొనుటకు ఒక ఇల్లు చాలును. తీర్చుటకు నూరిండ్లకును పోవలెను.