పడిపోతుందని చెప్పినవాడు పాపం చేశాడా?



ఒక కంపెనీ షేరు ధర పడిపోతుందని నమ్మి, ఆ పతనం మీద డబ్బు సంపాదించవచ్చునా? వినగానే మనసు ఒప్పుకోదు. ఎదుటివాని ఇల్లు కూలితే మనకు లాభమా అనిపిస్తుంది. అయినా తొందరపడి తీర్పు చెప్పకండి.

ముందు ఆ వ్యాపారమేమిటో చూద్దాం. దానిని షార్ట్ సెల్లింగ్ అంటారు. మన పల్లెల్లో వడ్లు నాగుకు తెచ్చుకోవటం పెద్దలెరుగుదురు. కోతలకు ముందు పొరుగు రైతు వద్ద పది బస్తాలు అప్పు తెచ్చి, బస్తా 1,500 చొప్పున అమ్మారనుకోండి. కోతలయ్యాక ధర 1,200కి దిగితే, పది బస్తాలు కొని అప్పు తీర్చగా మూడు వేలు మిగులుతాయి. అదే ధర 2,500కి ఎగబ్రాకితే? పదివేలు చేతినుండి పోతాయి. కొన్న షేరు సున్నాకంటే దిగదు. అప్పు తెచ్చి అమ్మిన షేరు మాత్రం ఎంతవరకు పెరుగుతుందో హద్దులేదు.

ఇక మన గోదావరి తీరపు సంగతికి వద్దాం. భీమవరం ప్రాంతపు బిడ్డ బి. రామలింగరాజు 1987లో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ స్థాపించారు. 2001లో ఆ షేరు న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజికి వెళ్ళింది. బైర్రాజు ఫౌండేషన్ మన గ్రామాల్లో మంచినీటి పథకాలు నడిపింది. 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవ వెనుక ఉన్నదీ ఆయనే. ఆ మేలును మేలు కాదనటం న్యాయం కాదు. అయితే ఆ మేలు వల్లనే, 'మనవాడి కంపెనీ' అన్న అభిమానం వల్లనే, లెక్కలు అడగాలన్న తలంపు ఎవరికీ రాలేదు. 2007లో ఎవరైనా తాడేపల్లిగూడెం టీకొట్టు దగ్గర నిలబడి ఈ ధర నిజం కాదని అని ఉంటే, ఓర్వలేనివాడని ముద్ర వేసి ఉండేవారం.

2009 జనవరి 7న ఆయనే స్వయంగా లేఖ రాశారు. పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు చూపగా అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఒక త్రైమాసికంలో 649 కోట్ల లాభం చూపగా నిజంగా వచ్చినది 61 కోట్లే. 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరకు జారింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆయనకు ఏడేళ్ళ శిక్ష విధించింది. మే నెలలో అప్పీలు మీద శిక్ష నిలుపుదల అయి బెయిలు దొరికింది. పెన్షన్ డబ్బు, ఆడపిల్ల పెళ్ళికి దాచిన డబ్బు అందులో పెట్టినవారి మాటేమిటి?

ఆ కుటుంబాలకు హాని చేసినది ధర పడుతుందని అమ్మినవాడు కాదు, దొంగ లెక్క. అనుమానించి అమ్మేవాడే లేకపోతే అబద్ధపు ధర ఇంకా పైకి పోతుంది, చివర కొన్న అమాయకుడు ఇంకా ఎక్కువ పోగొట్టుకుంటాడు. 2001 మార్చిలో టెక్నాలజీ షేర్లు కూలినప్పుడు సెబీ షార్ట్ సెల్లింగును నిలిపివేసింది. 2008లో పెద్ద సంస్థలకు సైతం నిబంధనలతో అనుమతించింది.

అలాగని ఆ పని చేసే ప్రతివాని మనసూ పవిత్రమని చెప్పటం లేదు. బైబులులో పతనాన్ని ముందుగా చెప్పిన ఇద్దరిని గుర్తు చేసుకోండి. యోనా నీనెవె నగరం నాశనమవుతుందని చాటి, ఊరి వెలుపల పందిరి వేసుకుని ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. నగరం మారుమనస్సు పొంది బ్రతికిపోతే అతనికి కోపం వచ్చింది! యిర్మీయా అలాంటివాడు కాదు. రెండేళ్ళలో అంతా చక్కబడుతుందని హనన్యా ప్రజలకు ఇంపుగా చెప్పినప్పుడు, అలాగే జరుగుగాక అని యిర్మీయా మనసారా కోరుకున్నాడు. అయినా నిజం మార్చి చెప్పలేదు. ముట్టడిలో ఉన్న నగరంలో, అందరూ ఆశ వదులుకున్న వేళ, అనాతోతు పొలాన్ని పదిహేడు తులాల వెండికి కొన్నవాడూ ఆయనే. పందెం కాసిన యువకుడా, నీవు ఏ పందిరి క్రింద కూర్చున్నావు? ఆ కంపెనీ తప్పు దిద్దుకుని నిలబడితే సంతోషించగలవా?

శ్రీసభ బోధ ఇక్కడ స్పష్టంగా ఉన్నది. ఇతరులకు నష్టం కలిగించి లాభపడటానికి ధరలను కృత్రిమంగా ఆడించటం అధర్మమని 1992 నాటి సత్యోపదేశం 2409వ పేరా చెబుతుంది. పైకి ఆడించినా క్రిందికి ఆడించినా ఒకటే. సంబంధంలేని కంపెనీ దివాలా మీద పందెం కాయటం పరుల నాశనాన్ని కోరే మనసును పెంచుతుందని 2018లో వాటికన్ విడుదల చేసిన ఆర్థిక విషయాల పత్రం హెచ్చరించింది. కాబట్టి ఒక కంపెనీ గురించి పరిశోధన రాసేవాడు తన సొమ్ము ఏ వైపు ఉన్నదో ముందుగానే చెప్పాలి. తెలిసి అబద్ధం కలిపితే అది ఎనిమిదవ ఆజ్ఞను మీరటమే. వినేవారికీ బాధ్యత ఉన్నది. చెప్పినవాని కులం, ఊరు, ఉద్దేశం తవ్వటం మాని లెక్కకు లెక్కతో జవాబివ్వాలి. ఈ పని మనవారికి చాలా కష్టం సుమా! మన వాదన సగం వరకు రాగానే తాతల దగ్గరకు పోతుంది.

ఇంకొక మాట, ఇంట్లో తల్లిదండ్రుల కోసం. పిల్లలు ఫోనులో చేసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం గురించి సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తీసింది. మూడేళ్ళలో అందులో దిగిన కోటిమందికి పైగా వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. ఇంట్లో తిట్టటానికి ముందు, ఎంత పోయిందో భయం లేకుండా చెప్పనివ్వండి. దాచిన నష్టం మీదే మరో అప్పు చేస్తారు. సత్యం కథా అలాగే చిన్న తేడాతో మొదలై పెరిగిందని ఆ లేఖలోనే ఉన్నది.

పాత సత్యం షేరు కాగితాలు పెట్టెలో ఉన్న కుటుంబాలు వాటిని చెత్తలో పారవేయవద్దు. 2013లో ఆ కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసినప్పుడు 17 షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. ఏడేళ్ళపాటు ఎవరూ అడగని డివిడెండ్లు, వాటి షేర్లు కేంద్ర ప్రభుత్వపు మదుపరుల రక్షణ నిధికి చేరుతాయి; వారసులు అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. మరణ ధృవీకరణ పత్రం, వారసత్వ కాగితాలు సిద్ధం చేసుకోండి. దళారికి కమీషను ముందుగా ఇవ్వకండి.