ఆకూ – వేరూ

మంచాన పడ్డ అత్తగారు విసుక్కున్నప్పుడల్లా అమ్మ నాతో, "తామరాకు మీద నీటిబొట్టులా ఉండవే, ఏదీ అంటించుకోకు" అనేది. గీతలోనూ ఇదే పోలిక. ప్రాచీన ఈజిప్టులో పొద్దున్నే విచ్చే నీలికలువ పునర్జన్మకి గుర్తు. 11వ శతాబ్దపు చైనా పండితుడు జౌ దున్‌యీ, బురదలో పుట్టీ మైలపడని పువ్వని తామరని మెచ్చుకున్నాడు.

నేనూ ఏదీ అంటించుకోలేదు. కంచం పెట్టి వచ్చేసేదాన్ని. పక్కన కూర్చున్నది లేదు.

ఆవిడ పోయాక ఓనాడు చెరువుగట్టున నిలబడి చూశాను. ఆకుమీది బొట్టు దుమ్ముని కూడా వెంటబెట్టుకుని జారిపోయింది. మరి వేరో? ఆ బురదనే పట్టుకుని ఉంటుంది. వదిలితే పువ్వే లేదు.

మాటల్ని జారిపోనివ్వచ్చు. నేను మనిషినే జారవిడుచుకున్నాను. ఆకుని చూసి నేర్చుకున్నానే గాని, వేరు సంగతి ఆలోచించలేదు!