చీర కొన్నదెవరు?

అనంతపురపు పీఠభూమి మీద బ్రదుకు నడుపువారికి పరాధీనత యనగా నేమో గ్రంథములు చెప్పనక్కరలేదు. నైరుతి ఋతుపవనము పడమటి కనుమల కావలనే తన భారమును దించుకొనగా, ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరము నుండి ఇంత దూరము వచ్చునప్పటికి సత్తువ కోల్పోగా, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనవలసిన ఈ నేలయందు, ఎఱ్ఱమట్టిలో వేరుసెనగ విత్తినవాడు మబ్బు దయకును, మగ్గమును నమ్ముకొన్నవాడు బజారు దయకును తలయొగ్గియే బ్రదుకుచున్నారు. చిత్రావతి యొడ్డున నున్న ధర్మవరము ఈ రెండవ తెగవారి యూరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు అది శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినను, వెడల్పాటి జరీ అంచు, రెండు వన్నెలు దోబూచులాడు ఒడలు, నిండైన కొంగు గల అచ్చటి పట్టుచీర మాత్రము ఏ జిల్లా పేరుతోను పనిలేక, ధర్మవరము చీరగానే పెండ్లిపీటలకు పోవుచున్నది.

ఆ యూరిలో కొన్ని మగ్గములకు పట్టును జరీని ఇచ్చి, కూలికి నేయించి అమ్ముకొను నా మేనల్లుడొకడు, వ్యాపారపు సందేహమొకటి మోసికొని మొన్న నా యొద్దకు వచ్చెను. అది వ్యాపారమునకు మించిన సందేహమని మాట సాగినకొలది నాకు తోచుటచేత, ఆ సంభాషణమును జ్ఞాపకమున్నంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాను.

“మామా, బెంగళూరు నుండి వచ్చిన కుఱ్ఱవాడొకడు నా కొట్టుకు సొంత యాప్ ఉండితీరవలెనని పట్టుపట్టుచున్నాడు. వాట్సాప్‌లో చీరల ఫొటోలు పెట్టుచునే యున్నాను; పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలోను సరుకు పెట్టితిని; యూపీఐ వచ్చినది మొదలు డబ్బు చేతికి వచ్చుట కష్టము కాదు. ఇన్ని ఉండగా నాకు వేఱుగా ఒక యాప్ ఎందుకు? మీరేమందురు?” అని అడిగెను.

“నిరుడు నీవు అమ్మిన చీరలను ఎవరు కట్టుకొన్నారో చెప్పగలవా?” అని నేను ఎదురు ప్రశ్న వేసితిని.

“ఎట్లు చెప్పగలను? బెంగళూరు, చెన్నపట్నము కొట్లకు ఇచ్చినవి ఆ కొట్లవారికి తెలియును. ఆన్‌లైన్‌లో పోయినవి ఆ కంపెనీవారికి తెలియును. పొట్లముపై అతికించు చీటీలో ఒక పేరు, ఒక ఊరు నాకును కనబడును గాని, ఆ కొన్నామెకు నేను మఱల కబురు పెట్టరాదు. పొట్లములో నా ఫోను నంబరు గల కాగితము పెట్టినను తప్పే. అట్టి నిబంధనకు ఒప్పుకొనియే సరుకు పెట్టితిని.”

“మీ తాత చిట్టా నీకు జ్ఞాపకమున్నదా?”

జ్ఞాపకమున్నదనెను. ఆ చిట్టాను నేనును చూచియున్నాను గనుక దానిని గూర్చి కొంచెము చెప్పవలెను. ఎఱ్ఱగుడ్డ అట్టతో, నిలువునా పొడవుగా ఉండు ఆ పుస్తకములో బాకీలు మాత్రమే ఉండెడివి కావు. ఫలానా ఇంటివారికి నెమలికంఠపు రంగు నచ్చదు. ఫలానా ఊరి రెడ్డిగారి రెండవ కూతురికి మాఘములో పెండ్లి. ఫలానావారు చిన్న అంచు అడిగిరి, లేదని పంపితిమి, ఈసారి నేయించవలెను – ఇట్టివి అంకెల ప్రక్కన వంకర అక్షరములతో ఉండెడివి. మాఘమునకు రెండు నెలల ముందే ఆ రెడ్డిగారికి ఒక కార్డు ముక్క పోవుచుండెడిది. కొట్టు తగలబడినచో ముందుగా దేనిని బయటికి తెచ్చెదవని ఆ ముసలివానిని అడిగియుండినచో, పట్టు బేళ్లను విడిచి ఆ పుస్తకమునే చంకబెట్టుకొని వచ్చియుండునని నా నమ్మకము.

“ఇప్పుడు ఆ పుస్తకము వ్రాయబడుట మానలేదు, నాయనా. ఎవరు ఏ రంగును ఎంతసేపు చూచిరి, ఏది ఎంచి విడిచిపెట్టిరి, ఏ నెలలో కొనిరి అనునది మీ తాత వ్రాసిన దానికంటె సూక్ష్మముగా వ్రాయబడుచునే యున్నది. అది నీ యింట లేదు, అంతే. ఆ కుఱ్ఱవాడు నీకు అమ్మజూపుచున్నది యాప్ అని నీవు భావించుచున్నావు. అందులో కొనదగినదేదైన ఉన్నచో, అది ఆ చిట్టాయే.”

అతడు కొంతసేపు ఆలోచించి, “అయినను మామా, మనవారు కాలువ నీరు వచ్చునన్న చోట చెఱువు త్రవ్వుదురా? పెద్ద కంపెనీ లక్షలమందిని తెచ్చి నా ముంగిట నిలుపుచున్నది. నా యాప్‌కు ఎవరు వత్తురు?” అనెను.

మంచి పోలికనే ఎత్తినాడు. “తుంగభద్ర ఎగువ కాలువ వచ్చిన తరువాత మన ఊళ్లలో ఎందఱో చెఱువుల పూడిక తీయుట మానిరి. కాలువ నీరు తక్కువది కాదు. అది లేనిచో ఈ జిల్లాలో ఎన్నో పొలములకు పచ్చదనమే లేదు. కాని హొసపేట దగ్గఱ తలుపులు ఎప్పుడు ఎత్తుదురో, ఎన్ని దినములు విడుతురో నిర్ణయించుట ఆయకట్టు చివరి రైతు చేతిలో లేదు. చెఱువు చిన్నదైనను, మన గట్టుపై కురిసిన చినుకును మన ఊరి యందే నిలుపును. కాలువ వద్దని నేననుట లేదు. కాలువను చూచుకొని కట్ట తెగగొట్టుకొనవద్దనుచున్నాను.”

“చినుకే లేని చెఱువు మాటేమి?” అని వెంటనే అడిగెను. “పట్టుచీరను ఒక ఇల్లాలు ఏటికి ఎన్నిసార్లు కొనును? ఇంట శుభకార్యమున్న యేడు నాలుగు కొనును. తరువాత మూడేండ్లు మా వంకయే చూడదు. ఫోనులో చోటు చాలదని నా భార్యయే నెలకొక యాప్ తీసివేయుచున్నది. మూడేండ్లకొకసారి తెఱచు వాకిలిని ఎవరు తమ ఫోనులో మోసెదరు?”

ఈ ఆక్షేపణకు తలయొగ్గక తప్పదు. యాప్‌లు అమ్మువారు దీనిని దాటవేయుదురు గాని, విషయమంతయు ఇచ్చటనే యున్నది. కొనువాడు మఱల మఱల వచ్చు వ్యాపారమునకు సొంత యాప్ తగును. ఎప్పుడో ఒకసారి వచ్చు వ్యాపారమునకు ఒంటరిగా తగదు. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అను స్వచ్ఛంద సంస్థ నీడలో, 2008లో ఏర్పడిన ధరణి సహకార సంఘమువారు రైతుల చేత సేంద్రియ పద్ధతిలో కొఱ్ఱలు, సామలు, వేరుసెనగ పండించి, శుద్ధి చేసి అమ్ముచున్నారు. కొఱ్ఱన్నమునకు అలవాటుపడిన ఇంట నెల తిరుగకముందే డబ్బా ఖాళీయగును. అట్టి సరుకునకును, పాలకును, మందుల కొట్టుకును, టిఫిను పొట్లములకును వారి వారి సొంత వాకిలి ఫోనులో ఉండుట అర్థముగల పని. కొట్టు వేళలు, నిలువ ఉన్న సరుకు, నిరుటి బిల్లు, పాత బాకీ, తిరిగి పంపుమను ఒక్క మీట – ఇవి ఇరువురికిని శ్రమ తగ్గించును.

“మఱి నాకు వద్దనియే కదా?”

“నీకొక్కనికి వద్దు. బుక్కపట్నము చెఱువును విజయనగర రాజుల నాడు కట్టినప్పుడు ఒక్కొక్క రైతుకు ఒక్కొక్కటి కట్టలేదు. ఆయకట్టుకంతటికి ఒక్క చెఱువు. ఎవరి మడికి ఎంత నీరో చూచుటకు ఊరివారు ఒప్పుకొన్న ఒక నీరుగంటి. మీ వీధిలో నీవంటి నలుగురైదుగురు కలిసినచో, ఒకరి యొద్ద లేని రంగు మఱొకరి యొద్ద దొరకును; ఒక ఇంటి పెండ్లి కాకున్నను మఱొక ఇంటి పెండ్లి ఉండును. నిర్వహణపు ఖర్చు గూడ పంచుకొనవచ్చును. ఆ కుఱ్ఱవాడు ఆ ఖర్చును గూర్చి ఏమి చెప్పినాడు?”

“ఒకసారి కట్టినచో చాలుననినాడు.”

“అది సత్యము కాదు. ప్లే స్టోరులో పేరు నమోదుకు 25 డాలర్లు ఒక్కసారియే. యాపిల్‌కు మాత్రము ఏటేటా 99 డాలర్లు. పట్టుచీర వంటి వస్తువు అమ్ముకొన్నచో అందులో వారు వాటా అడుగరు. కాని ఆండ్రాయిడ్ మాఱినకొలది యాప్‌ను దిద్దుచుండవలెను; దిద్దనిచో కొంతకాలమునకు అది కొత్త ఫోనులవారికి కనబడుట మానును. దానికంటె పెద్దపని వేఱొకటి యున్నది. మగ్గము నుండి కోసిన ప్రతి చీరకును పగటి వెలుతురులో నిజమైన రంగు వచ్చునట్లు ఫొటో తీయవలెను. అమ్ముడుపోయినదానిని ఆ గంటలోనే తీసివేయవలెను. రాత్రి పదింటికి అమెరికా నుండి ఒకామె అంచు వెడల్పు అడిగినచో ఎవరో ఒకరు కొలిచి చెప్పవలెను. ఆ మనిషి నీ కొట్టులో లేనిచో యాప్ జోలికి పోకుము.”

“ఇంత చేసినను అది పరుల నేలమీది ఇల్లే కదా మామా! 2024 మార్చి 1న గూగుల్‌వారు రుసుము తగవులో నౌక్రీ, షాదీ వంటి పెద్ద కంపెనీల యాప్‌లనే తమ స్టోరు నుండి తీసివేసిరి. ప్రభుత్వము కలుగజేసికొన్న తరువాత గాని అవి తిరిగి రాలేదు. నావంటివాని గతి ఏమి?”

“నిజమే. అందుచేతనే చిట్టాను వాకిలికి మేకులతో కొట్టరాదనుచున్నాను. కొనువారి అనుమతితో తీసికొన్న పేర్లు, నంబర్లు, వారి ఇష్టానిష్టములు నీ యొద్ద వేఱుగా, భద్రముగా ఉండవలెను. అనుమతి యన్న మాటను నొక్కి చెప్పుచున్నాను. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా చట్టము ఒకవైపున నుండగా, ఆ ఇల్లాలి విశ్వాసము మఱొకవైపున నున్నది. చిట్టా నీదైనచో వాకిలి మూసినను మఱొక వాకిలి తెఱవవచ్చును.”

అప్పుడతడు తన బాధ వెళ్లబోసికొనెను. కంపెనీవారు కొనుగోలుదారుని తనకు కనబడనీయరు. పండుగ తగ్గింపు ధర ఎంతయో వారే సూచింతురు. చీర తిరిగి వచ్చినచో నష్టము తనదే. తన పేరు ఎచ్చటనో చిన్న అక్షరములలో ఉండును. అతని మాటలలో న్యాయమున్నది. విని, నేనిట్లంటిని:

“ఈ మాటలన్నియు నీ మగ్గములపై కూర్చున్నవారు నిన్ను గూర్చి అనవచ్చును గదా?”

ధర్మవరము వీధులలో నడచినవారికి ఆ దృశ్యము తెలిసినదే. ఇంటి ముందరి గదిలో నేలను త్రవ్విన గుంట. అందు కాళ్లు దించి కూర్చున్న మనిషి. పాదముల క్రింద తొక్కుడు కొయ్యలు. తలపైన జకార్డు, దాని నుండి వ్రేలాడు చిల్లుల అట్టల వరుస. ప్రక్కన కండెలు చుట్టుచు ఇల్లాలు. ఈ నేలకు అరుదుగా దక్కు వాన కురిసిన నాడు ఊరంతయు సంతోషించుచుండగా ఆ గుంటలో నీరూరి మగ్గము ఆగిపోవును, మగ్గముతో కూలియు ఆగిపోవును. అతడు నేసిన చీర ఏ యూరి పెండ్లికి పోయినదో అతనికి తెలియదు. ఎంతకు అమ్ముడుపోయినదో తెలియదు. కట్టుకొన్నామెకు అతని పేరు అసలే తెలియదు.

మేనల్లుని ముఖము ఎఱ్ఱబడెను. “పట్టు కొనుటకు పెట్టుబడి నాది. రంగు అద్దకపు ఖర్చు నాది. అమ్ముడుపోక బీరువాలో పడియున్న సరుకు భారము నాది. ఆషాఢములో గిరాకి లేకున్నను వారికి బత్తెమునకు అడ్వాన్సు ఇచ్చునది నేను. కంపెనీ నాకు అట్టిదేమి చేసినది?”

“అదంతయు సత్యమే, నేను కాదనను. కావుననే, నేసినవాని పేరు బయటపెట్టుటకు నీకు భయము ఉండనక్కరలేదనుచున్నాను. భౌగోళిక గుర్తింపు ఊరిని చెప్పును; సిల్క్ మార్క్ పట్టును చెప్పును; చేయి ఎవరిదో ఏదియు చెప్పుట లేదు. పవర్‌లూమ్ నకళ్లను అరికట్టుటకు 1985లో చేనేతకు రకములను ప్రత్యేకించు చట్టము వచ్చినను, బజారులో రెంటిని ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు కొనువారు పోల్చుకొనలేకున్నారు. మీ యాప్‌లో ప్రతి చీర క్రిందను నేసినవాని పేరు, మగ్గముపై ఆ చీరయే సగము నేయబడియుండగా తీసిన ఫొటో, ఎన్ని దినములు పట్టినదో ఒక వాక్యము ఉంచుడు. పెద్ద అంగడి దీనిని చేయదు. లక్షల సరుకులలో దానికి చీరయు చెంబును ఒక్కటే. మీరు చేయగలరు.”

“పేరు పెట్టినచో, రేపు కొనువారు నేరుగా వాని యొద్దకే పోవుదురు, మామా!”

“నీ కాగితమును పొట్లములో పెట్టనీయని కంపెనీకి ఉన్న భయము సరిగా ఇదియే.”

అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత మేమిద్దరము ఆ చిక్కును ఓపికగా విప్పి చూచితిమి. మధ్యవర్తి ఇరువురిని ఒకరికొకరు తెలియకుండ ఉంచి బ్రదుకవచ్చును. లేదా ఇరువురికిని అక్కఱయైన పని చేసి బ్రదుకవచ్చును. పెట్టుబడి, అద్దకము, నిలువ భారము, ఆషాఢపు అడ్వాన్సు – అతడు స్వయముగా ఏకరువు పెట్టిన ఈ నాలుగును రెండవ తెగకు చెందినవే. నేయువాడు ఒకటి రెండు చీరలు నేరుగా అమ్ముకొన్నను, వాటికొఱకు అతని యొద్దకు తిరిగి రాక తప్పదు. వచ్చునప్పుడు కొంచెము తల యెత్తికొని వచ్చును, కూలి కొంచెము గట్టిగా అడుగును. ఆ మాత్రము నష్టమునకు అతడు సిద్ధపడవలెనని నేనంటిని. సిద్ధమే యని అతడు వెంటనే అనలేదు. అనియుండినచో నేను నమ్మియుండను.

లేచునప్పటికి అతడు నిశ్చయించుకొన్నవి ఇవి: వీధిలోని నలుగురు వ్యాపారులతో కలిసి ఒకే యాప్ చేయించుట, పెద్ద అంగళ్లలో సరుకును ఉన్నంత మట్టుకు ఉంచుట, శ్రావణమాసపు గిరాకికి ముందే చీరల ఫొటోలు తీయుటకు, వచ్చిన ప్రశ్నలకు బదులిచ్చుటకు జీతమిచ్చి ఒక అమ్మాయిని పెట్టుట, ప్రతి చీర క్రిందను నేసినవాని పేరు వేయుట. ఫోను నంబరు గూడ వేయవలెనని నా వాదము. పేరు చాలునని అతని వాదము. ఏకాభిప్రాయము కుదరకపోగా, ఆ సంగతి తేల్చవలసినవారు మేమిద్దరము కామని, మగ్గముల మీది వారినే అడిగి వారు కోరినట్లు చేసెదనని చెప్పి, సాయంకాలపు బస్సుకు పోయెను.