రెండు కాసుల పద్దు

నేటి పఠనం: మార్కు సువార్త 12:38–44

ప్రభువు ఆ రోజు దేవాలయంలో చాలాసేపు మాట్లాడాడు. చిక్కు ప్రశ్నలు వేసినవాళ్లకు జవాబులు చెప్పాడు. శాస్త్రుల విషయంలో జాగ్రత్తగా ఉండమని జనాన్ని హెచ్చరించాడు. అలసిపోయే ఉంటాడు. అయినా వెళ్లిపోకుండా కానుకపెట్టె ఎదురుగా కూర్చున్నాడు. వేసేవాళ్లను చూస్తున్నాడు. గ్రీకు మూలంలో అక్కడ ‘ఎలా’ అనే మాట ఉంది. జనం డబ్బులు ఎలా వేస్తున్నారో ఆయన చూస్తున్నాడు.

యూదుల మిష్నా గ్రంథం ప్రకారం ఆ దేవాలయంలో బూర ఆకారపు కానుకపెట్టెలు 13 ఉండేవి. అవి స్త్రీల ఆవరణంలో ఉండేవని పండితులు చెబుతారు. ఆడవాళ్లు రాగలిగిన చోటు అంతవరకే కాబట్టి ఈ పఠనంలోని పేద విధవరాలూ అక్కడి దాకానే వచ్చింది. రెండు కాసులు వేసింది. అప్పట్లో ఒక దేనారం రోజు కూలీ. ఆ రెండు కాసులూ కలిపితే దేనారంలో 64వ వంతు. మన లెక్కలో చెప్పుకుందాం. మా విజయవాడ వస్త్రలత మార్కెట్లో బట్టల బేళ్లు మోసే ముఠా కూలీకి ఒక రోజు 640 రూపాయలు గిట్టాయనుకుంటే, ఆమె వేసింది పది రూపాయలు.

పది రూపాయల గురించి నేను మీకు ఒక సంగతి చెప్పాలి.

వన్ టౌన్‌లో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. ఏటా నవంబరు 14 వచ్చే వారం మాకు పండగ. సోమవారం ఆటలతో మొదలవుతుంది. ఖో-ఖో, కబడ్డీ, టెన్నికాయిట్. మధ్యలో వక్తృత్వం, సైన్సు ప్రదర్శన, తినుబండారాల స్టాళ్లు. బాలల దినోత్సవం నాడు బహుమతులు. ఆ వారంలో మా పిల్లల మొహాలు చూడాలి. క్లాసులో నోరెత్తని పిల్ల ఖో-ఖోలో మెరుపులా తిరుగుతుంది. లెక్కల్లో వెనకబడ్డ పిల్ల స్టాల్లో చిల్లర ఒక్క పైసా తేడా రాకుండా ఇస్తుంది. ఈ ఊరి అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చినప్పుడు మా ఆవరణలో రెండు రోజులు కేకలే. కాబట్టి మైకులో పేరు వినపడటాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. పన్నెండేళ్ల పిల్లకు తన పేరు అందరి ముందూ పలకడం అన్నం లాంటిది.

2024లో ఆ వారం మీద ఒక బరువు ఉంది. ఆ ఏడు సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊళ్లోకి వచ్చింది. సింగ్ నగర్ మునిగింది, రాజరాజేశ్వరిపేట మునిగింది. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వరద 11.4 లక్షల క్యూసెక్కులకు చేరింది. బుడమేరుకు పడిన మూడు గండ్లూ పూడ్చేసరికి 7వ తేదీ. బడి తెరిచాక కొందరు పిల్లలు పుస్తకాలు ఆరబెట్టుకుని తెచ్చారు. పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. పేజీకి పేజీ అంటుకుపోయి, తెరవబోతే చిరిగేవి. అందుకని ఆ ఏడు స్టాళ్ల మీద వచ్చిందీ, పిల్లలు తెచ్చిన చందా కూడా వరదలో పోగొట్టుకున్న తోటి పిల్లలకే అనుకున్నాం. ఎనిమిదో తరగతివాళ్లు పునుగులు వేశారు. తొమ్మిదోవాళ్ల పిడతకింద పప్పు పావుగంటలో అయిపోయింది. కొందరు ఇంటి దగ్గర డిబ్బీలు పగలగొట్టి, చిల్లర చేతిరుమాళ్లలో మూటకట్టి తెచ్చారు. రూపాయి బిళ్లలు బల్ల మీద పోసి పదేసి చొప్పున పేర్చడానికే ఒక పూట పట్టింది.

పద్దు రాసే పని నాది. ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టాను. పేరు, తరగతి, మొత్తం ఎవరికి వాళ్లే రాసుకోమన్నాను.

గురువారం 14వ తేదీ. సభకు ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. ఎండ ఎక్కింది, చిన్నపిల్లలు నిలబడలేకపోతున్నారు. దాతల పేర్లు చదవాల్సిన వంతు నాకు వచ్చింది. నోటుపుస్తకం నిండా పేర్లు. సమయం లేదని వంద రూపాయలు, ఆపైన ఇచ్చినవాళ్ల పేర్లు మాత్రం చదివాను. నలభై దాకా ఉంటాయి. చప్పట్లు కొట్టారు. దిగి వచ్చాను. అంతకుముందు మైకు దగ్గరికి వెళ్తూ, గేటు పక్కన ఖాళీ గంప చంకన పెట్టుకుని ఒకామె నిలబడి ఉండటం చూశాను. ఎవరి తల్లో అనుకున్నాను. అంతే.

శనివారం సాయంత్రం కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్లాను. కొత్తిమీర, కరివేపాకు ముందేసుకుని కూర్చున్నామె నన్ను చూసి లేచి నిలబడింది.

“టీచరమ్మా, మా పాప మీ దగ్గరే ఎనిమిది చదువుతుందండి. మొన్న దాని పేరు మైకులో చదువుతారంటే బేరం పక్కామెకి అప్పజెప్పి వచ్చానండి. నేనే ఆలస్యంగా వచ్చినట్టున్నాను. అప్పటికే చదివేసుంటారు.”

ఆమె ఆలస్యంగా రాలేదు. నేను మైకు ముందుకు వెళ్లకముందే గేటు దగ్గర ఉంది. ఆ మాట నేను చెప్పాలి. నోరు రాలేదు. ఒక కట్ట కొత్తిమీర తీసుకుని డబ్బులిచ్చాను. ఆమె కొసరుగా నాలుగు కరివేపాకు రెబ్బలు సంచిలో పెట్టింది. అవుననీ కాదనీ అనకుండా ఇంటికొచ్చాను.

నోటుపుస్తకం తీశాను. ఎనిమిది బి. గుండ్రటి అక్షరాలు, పేరు కింద గీత కూడా గీసుకుంది. పది రూపాయలు. వాళ్ల ఇల్లు రాజరాజేశ్వరిపేటలోనే. అంటే మేము ఎవరి కోసం పోగుచేస్తున్నామో వాళ్లలో ఆ పిల్లా ఒకతి.

ఆ రాత్రి ఈ పఠనభాగమే తీసి మళ్లీ చదివాను. ఎన్నేళ్లుగానో చదువుతున్నాను, ఒక సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. ప్రభువు ఆ విధవరాలిని పిలవలేదు. ఆమె ముందు మెచ్చుకోలేదు. ఆమె వేసింది, వెళ్లిపోయింది. తన రెండు కాసుల గురించి లోకం రెండు వేల ఏళ్లుగా మాట్లాడుకుంటుందని ఆమెకు తెలియనే తెలియదు. ఆయన పిలిచింది శిష్యులను. రేపు సంఘాలను నడిపేవాళ్లను, కానుకలు పుచ్చుకునేవాళ్లను, పద్దులు రాసేవాళ్లను. వాళ్లకు చూడటం రాదని పిలిచి చూపించాడు. ఈ పాఠం ఇచ్చేవాళ్లకే అనుకుని ఇన్నాళ్లూ నేను పిల్లలకు చెబుతూ వచ్చాను. ఇది నోటుపుస్తకం పట్టుకున్న నాకు.

దాని ముందు వచనాలు ఇంకా కఠినం. విధవరాళ్ల ఇళ్లు మింగేవాళ్ల గురించి చెప్పిన వెంటనే ప్రభువు ఈమెను చూపించాడు. చివరి కాసు కూడా వేసిన ఆమెను మెచ్చుకుని ఊరుకుంటే సరిపోదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఆ పూట ఆమె ఏం తింటుందో ఎవరైనా అడిగారా? క్లాసుకి ఇంత తేవాలని బడులు గురి పెట్టినప్పుడు, తేలేని పిల్ల ఇంట్లో ఏం జరుగుతుందో మనం అడుగుతున్నామా? ఆ పది రూపాయలు పుచ్చుకునే ముందు ఆ పిల్ల ముఖంలోకి ఒకసారి చూసి ఉండాల్సింది.

ఈ ఊరికి చందాలు కొత్త కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ సంఘం అప్పటి బెజవాడలోనే కూడింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది ఇక్కడే. ఆ రోజుల్లోనే గాంధీ కాకినాడ వెళ్తే, అక్కడ దుర్గాబాయి అనే, పన్నెండేళ్లయినా నిండని పిల్ల దేవదాసీలూ ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని పట్టుబట్టింది. ఐదు వేల రూపాయల నిధి పోగుచేస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు నిర్వాహకులు. ఆ స్త్రీలే పోగుచేశారు. చోటు కావాల్సి వస్తే బడి ఆవరణ దొరికింది. కొద్ది నిమిషాల సభ చాలాసేపు సాగిందనీ, ఆడవాళ్లు ఒంటి మీది గాజులూ గొలుసులూ తీసి ఇచ్చారనీ దుర్గాబాయి దేశ్‌ముఖ్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఊరు పక్కన కూర్చోబెట్టుకోని ఆడవాళ్లు వాళ్లు. దుర్గాబాయి పేరు మనకు తెలుసు, తెలియాలి కూడా. ఆ గాజులు తీసిన చేతులు ఎవరివో ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. ఆ పద్దు దేవుడి దగ్గర ఉందని నేను నమ్ముతాను.

ఇవ్వడం అంటే ఈ ఊళ్లో ఇంకో పేరు కూడా గుర్తొస్తుంది. విజయవాడలో బిషప్ అజరయ్య పేరు మీద బాలికల ఉన్నత పాఠశాల ఉంది. ఆ పేరు గేటు మీద చదివి లోపలికి వెళ్లే పిల్లలకు ఆయన కథ కూడా చెప్పాలి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి సీమవాడు. 1898లో పెళ్లి చేసుకున్నప్పుడు కట్నం వద్దన్నాడు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్, దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. 1912 డిసెంబరు 29న ఆయన కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. అంతకుముందే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్న ఆయన తెలుగు పల్లెల పేదల మధ్య మూడు దశాబ్దాలు తిరిగాడు. అక్కడి కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయ్యింది. ఇవ్వడం గురించి ‘క్రిస్టియన్ గివింగ్’ అని ఒక పుస్తకమే రాశాడు. పేదవాడు పుచ్చుకోవడానికే కాదు, ఇవ్వడానికీ తగినవాడని నమ్మిన మనిషి. ఆ నమ్మకం నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. ఎనిమిది బి పిల్ల తన పేరు కింద గీసుకున్న గీతలో నాకు అదే కనపడింది. ఆ పది రూపాయలు వద్దని తిప్పి పంపితే ఆమెను ఇంకో రకంగా చిన్నబుచ్చినట్టయ్యేది.

ఇవ్వడంలో ఆ పట్టుదల మా నాయనమ్మ దగ్గర చూశాను. ఆమె దివిసీమలో ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టి, సోలతో బియ్యం కొలిచి, కడిగేముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న చిన్న కుండలో వేసేది. ఇంట్లో ఆ పూటకి సరిపడా లేకపోయినా పిడికిలి మాత్రం మానేది కాదు. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్లేది. ఇంటింటి బియ్యం ఒకే గోనెలో పోసేవాళ్లు. దొడ్డువీ సన్నవీ, నూకలూ అన్నీ కలిసిపోయేవి. పోశాక ఇది ఫలానావాళ్లది అని చెప్పడం ఎవరి తరమూ కాదు. గుడికి వెళ్లే దారిలో ఒక్కోసారి ఆ కుండ నేనే మోసేదాన్ని. మూత మీద చెయ్యి పెట్టి జాగ్రత్తగా నడిచేదాన్ని.

ఆ గోనె పద్ధతి ఒకటి. అందరి పేర్లూ పలికే పద్ధతి ఇంకొకటి. మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని యోహాను సువార్త 10వ అధ్యాయం చెబుతుంది, దేన్నీ వదలకుండా. రెండూ దేవుడి పద్ధతులే. వంద దగ్గర గీత గీసే పద్ధతి నాది.

సోమవారం ఆ పిల్లను స్టాఫ్ రూం బయటికి పిలిచాను. “మీ అమ్మ ఆలస్యంగా రాలేదమ్మా. నీ పేరు నేనే చదవలేదు. అది నా తప్పు. ఇంటికెళ్లి అమ్మకి చెప్పు” అన్నాను. “పర్లేదు టీచర్” అంది. పిల్లలు టీచర్లతో ఇంకేమంటారు? ఆమె వెళ్లాక అక్కడే నిలబడి ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, నీవు కూర్చున్న చోట నన్నూ కూర్చోబెట్టు. పద్దు నా చేతిలో ఉన్నప్పుడు నా కళ్లు నీవి కానియ్యి. ఇచ్చిన చిన్న చేతిని నేను దాటిపోకుండా నన్ను ఆపు. ఆమెన్.

2025లో కూడా నవంబరు 14 వచ్చింది. మా హెచ్‌ఎం గారిని ముందే అడిగి ఒప్పించుకున్నాను. మొత్తాలు చదవలేదు. పిల్లల పేర్లు మాత్రం, అకారాది క్రమంలో, ఒక్కటీ వదలకుండా చదివాను. 412 పేర్లు. పదిహేడు నిమిషాలు పట్టింది. చిన్నపిల్లలను ముందే వేపచెట్టు నీడలో కూర్చోబెట్టాం. ఆ పిల్ల అప్పటికి తొమ్మిదో తరగతి. పేరు పలికినప్పుడు పక్కపిల్ల ఆమెను మోచేత్తో పొడిచింది. తల్లికి కబురు పంపాను గానీ రాలేదు. కార్తీకమాసం, మార్కెట్లో బేరం ఎక్కువ. సాయంత్రం నేనే వెళ్లి చెప్పి వచ్చాను.

మీ బడిలో గానీ మీ సంఘంలో గానీ చందా పద్దు మీ చేతిలో ఉంటే ఒక్క మనవి. పేర్లు చదివితే అందరివీ చదవండి. అంత సమయం లేకపోతే ఎవరివీ చదవకండి.