తాతల పెంపకం, తీరని ఋణం

మనిషి ఋషిఋణం, దేవఋణం, పితృఋణాలతో పుడతాడన్న భావన తైత్తిరీయ సంహిత నాటిది. పితృఋణం సంతానంతో తీరుతుంది. తల నెరిసి, మనవడు పుట్టాక గృహస్థు అడవికి వెళ్లాలని మనుస్మృతి చెబుతుంది. ఆ మనవణ్ణి పెంచేవారు లేకపోతే తాత ధర్మం ఏమిటి?

మహాభారతంలో దీనికి జవాబుంది. తండ్రి అభిమన్యుడి మరణం తర్వాత పుట్టిన పరీక్షిత్తు తాత అర్జునుడి అండలో, ఆయన సోదరుల నీడలో పెరిగాడు. అతనికి రాజ్యం అప్పగించాకే వారు మహాప్రస్థానానికి బయలుదేరారు. వైరాగ్యం కన్నా బిడ్డ అవసరమే ముందు నిలిచింది.

నేడు జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు, పాలమూరు నుంచి దూరపు నగరాలకు వలస వెళ్లినవారి పిల్లలను ఎందరో తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు సాకుతున్నారు. పొద్దున్నే జడలు వేసి, సద్ది కట్టి బడికి పంపుతారు. బడి కాగితాల మీద వేలిముద్ర వేస్తారు. భాష, కథలు, మొక్కులు పిల్లలకు అందేది వారి నుంచే.

ఈ సేవకు ఆసరా కావాలి. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం తమను తాము పోషించుకోలేని తాతలు, అవ్వలు మేజర్లయిన మనవల నుంచీ పోషణ కోరవచ్చు. బంధువుల వద్ద పెరిగే అనాథలకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అర్హులకు దాన్ని ఇప్పించడం, వృద్ధాప్యంలో ఆ తాతలను, అవ్వలను చూసుకోవడం కుటుంబానికీ ఊరికీ ధర్మం.