పెరటి చెట్టూ మందే

చిరంజీవి నాయనా,

నీ స్నేహితుల సంగతులు మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒకడి కథల పుస్తకం అచ్చయిందట. కాలేజీలో నీతో చదివిన అమ్మాయి హైదరాబాదులో కూచిపూడి ప్రదర్శన ఇచ్చిందట. ఇంకొకడు షార్ట్ ఫిల్మ్ తీసి యూట్యూబ్‌లో పెట్టాడట. మంచి జట్టే దొరికింది నీకు. ముగ్గురికీ వాట్సాప్‌లో చప్పట్ల బొమ్మ పంపి ఊరుకున్నావని కూడా చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. పెదనాన్న చాదస్తం అనుకున్నా సరే, చివరిదాకా చదువు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. మన స్నేహితుల విషయంలో దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాం. ఏ దేశపు రచయితదో నవలైతే రాత్రి మేలుకుని చదువుతాం. మనతో కలిసి ఇరానీ చాయ్ తాగినవాడు రాస్తే మాత్రం ‘వీడిదేగా, ఎప్పుడైనా చదవొచ్చులే’ అని బల్ల మీద పడేస్తాం. వాడు ఏ సబ్జెక్టు తప్పాడో, ఎవరి దగ్గర అప్పు చేశాడో, ఏ అమ్మాయి కాదంటే ఏడ్చాడో మనకు తెలుసు. అంత తెలిసిన మనిషిలో తెలియనిది ఒకటుందంటే మనసొప్పదు. కాస్త అసూయ కూడా ఉంటుంది, లేదనకు. అసూయ పుట్టడం తప్పు కాదు. అది పోయాక చదువుదాం అని కూర్చుంటేనే తంటా. అది పోదు. ఉండగానే చదవాలి. చదువుతూ ఉంటే దాని నోరు అదే మూతపడుతుంది.

నీకు ‘మహాప్రస్థానం’ తెలుసు. అది పుస్తకంగా వచ్చింది 1950లో. చలం దానికి ‘యోగ్యతాపత్రం’ రాసింది 1940లో. మధ్యలో పదేళ్ళు. 1940 నాటికి శ్రీశ్రీకి ముప్పై ఏళ్ళు. చలం ఆయనకన్నా పదహారేళ్ళు పెద్ద, ‘మైదానం’ రాసి లోకం చేత తిట్లూ పొగడ్తలూ తిన్నవాడు. పుస్తకం అచ్చవనీ, నలుగురూ ఏమంటారో చూసి అప్పుడు చెబుదాం అని ఆయన ఆగలేదు. తను చదివాడు, ఒళ్ళు పొంగింది, అది దాచుకోకుండా రాసేశాడు. ఈనాటికీ ఆ ముందుమాటను కవితలతో పాటే చదువుతున్నారు. లోకం మెచ్చుకున్నాక నువ్వూ మెచ్చుకుంటే అది వంత పాట. లోకం కన్నా ముందు నువ్వు చెప్పాలి, అప్పుడే స్నేహితుడికి అక్కరకొస్తుంది.

అదే పుస్తకాన్ని శ్రీశ్రీ ఎవరికి అంకితమిచ్చాడో చూడు. కొంపెల్ల జనార్దనరావుకి. కవి, ‘ఉదయిని’ అనే పత్రిక నడిపినవాడు. 1937లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన రచనలు చదివినవాళ్ళు ఇవాళ చాలా అరుదు. పేరు మాత్రం తెలుగు చదివే ప్రతివాడికీ తెలుసు, మిత్రుడు తన పుస్తకం మొదటి పేజీల్లో నిలబెట్టాడు కాబట్టి. గొప్ప పనే. కానీ నాకు కొంచెం బాధగానూ ఉంటుంది. ఆ అంకితం మాటలు జనార్దనరావు వినలేదు కదా! నీ స్నేహితులు వింటారు, చేతిలో ఫోనుంది.

నన్నడిగితే ఈ విషయంలో అందరికన్నా పెద్దమనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. చిన్నప్పుడు వంట మనిషిగా, హోటల్లో సర్వరుగా పనిచేసి, సొంతంగా చదువుకుని పైకొచ్చినవాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. ఇతరుల పుస్తకాలు అచ్చువేసి, తనే మోసుకుపోయి ఊరూరా అమ్మేవాడు. తనూ రచయితే, ‘ప్రజల మనిషి’ నవల ఆయనదే. తన రాత పక్కనబెట్టి ఇంకొకరి రాత కోసం చెప్పులరగదీసే రచయితలు ఎందరుంటారు? నిజాం కాలంలో కవి దాశరథితో పాటు ఆయనా నిజామాబాదు జైల్లో ఉన్నాడు. కాగితం, కలం దొరకని చోట దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాస్తుంటే పక్కనున్న మొదటి శ్రోత ఆయనే. దాశరథి 1949లో వచ్చిన తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చాడు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి జవాబు చెప్పిన తీరూ ఇలాంటిదే. వాదించి ఊరుకోలేదు. 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’గా అచ్చువేశాడు. తోటివాడి మీద ప్రేమంటే ఇంత చాకిరీ ఉంటుంది, నాయనా.

ఇద్దరూ కలిసి జంటగా రాసిన తిరుపతి వేంకట కవుల సంగతి మీ తరానికి అంతగా తెలియదేమో. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో పోయాడు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళు బతికాడు, ఒంటరిగానే రాశాడు. పేరు మాత్రం జంట పేరే పెట్టుకున్నాడు. దీని మీద నేను వ్యాఖ్యానం చెయ్యను.

నువ్వు ఇంత పెద్ద పనులేం చెయ్యక్కర్లేదు. పుస్తకం కొను. ‘నాకో కాపీ ఇవ్వరా’ అని అడగకు. ఈ రోజుల్లో కథల పుస్తకం అయిదు వందల కాపీలు వేయడమే సాహసం. చాలామంది సొంత డబ్బే పెట్టుకుంటారు. అందులో సగం బంధువులూ స్నేహితులూ ఉచితంగా పట్టుకుపోయి అటక మీద పెడతారు. నీకు వాడు సంతకం చేసి ఊరికే ఇచ్చినా సరే, ఇంకో రెండు కొని చదివే అలవాటున్నవాళ్ళకివ్వు. నాట్యం చేసే అమ్మాయికీ ఖర్చు తక్కువేం కాదు. హాలు అద్దె, నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, మేకప్, ఆహార్యం అన్నీ చేతి డబ్బే. టికెట్టు పెడితే కొనుక్కుని వెళ్ళు. పెట్టకపోతే మరీ తప్పకుండా వెళ్ళు, ముందు వరుసలు ఖాళీగా ఉంటాయి.

స్నేహితుల కళను ఉచిత సేవ అనుకోకు. బొమ్మలు వేసేవాణ్ణి పట్టుకుని ‘మా చెల్లి పెళ్ళి శుభలేఖ డిజైన్ చేసిపెట్టరా, నీకెంతసేపు’ అంటారు. పాడేవాణ్ణి గృహప్రవేశానికి పిలిచి, భోజనానికి ముందు నాలుగు పాటలు పాడించి, ఆకు వేసి పంపేస్తారు. పురోహితుడికి సంభావన, కేటరింగ్ వాడికి అడ్వాన్సు, గాయకుడికి మాత్రం ‘మనవాడేగా’. మనవాడైతే ముందు వాడికివ్వాలి.

ఇక మెచ్చుకోవడం. ‘సూపర్’ అన్న మాటకు బరువు లేదు. బిర్యానీకీ అదే, క్రికెట్‌కీ అదే. ఎక్కడ నచ్చిందో చెప్పు. ‘బస్సు దిగుతూ ముసలావిడ చెప్పులు చేత్తో పట్టుకుంది చూడు, అక్కడ ఆగిపోయానురా’ అని ఒక్క మాట అను. నిజంగా చదివావని వాడికి తెలుస్తుంది. వాడు ఆ వాక్యం కోసం ఎన్ని రాత్రులు తన్నుకున్నాడో నీకేం తెలుసు! కూచిపూడి చూసినవాళ్ళందరూ ఇత్తడి పళ్ళెం మీద చేసిన తరంగం గురించే చెబుతారు. అది కంటికి ఆనుతుంది. నువ్వు భామాకలాపంలో సత్యభామ ఉత్తరం రాసేటప్పుడు ఆ అమ్మాయి ముఖంలో పొగరు కరిగి బెంగ ఎలా వచ్చిందో చెప్పు. రాకపోతే చెప్పకు. అబద్ధపు పొగడ్త తిట్టుకన్నా హాని. లోపాలుంటే అచ్చుకు ముందు, అడిగినప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. ఆవిష్కరణ సభ రోజున అచ్చుతప్పులు ఏరే మహానుభావులు ఎలాగూ ఉంటారు, వాళ్ళ పని వాళ్ళు చేసుకోనీ.

ఇంకొకటి. వాళ్ళ ముఖం మీద మెచ్చుకోవడంతో సరిపెట్టకు, వాళ్ళ ఇంట్లో వాళ్ళకు చెప్పు. ఆ షార్ట్ ఫిల్మ్ కుర్రాడి తల్లి కొడుకుని జీతంతో కొలుస్తూ ఉంటుంది. పాపం, ఆవిడ భయం ఆవిడది. నువ్వు వెళ్ళి ‘పిన్నిగారూ, మీవాడు తీసిన సినిమా మా ఆఫీసులో నలుగురం కలిసి చూశామండీ’ అన్నావనుకో, ఆ ఇంట్లో వాడికి ఇంకో ఏడాది గడువు దొరుకుతుంది. అవార్డు కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. నీ చేతిలో ఉన్న అధికారం ఇంత పెద్దదని నీకు తెలియదు, అందుకే చెబుతున్నాను.

ఎప్పుడో ఒకనాడు వాళ్ళ సభలో నిన్నూ వేదికెక్కించి రెండు మాటలు చెప్పమంటారు. మన సభల్లో వక్తలు మైకు అందగానే ఏం చేస్తారో చూస్తూనే ఉన్నావు. ‘వీడు నాకు పదేళ్ళుగా తెలుసు’ అని మొదలుపెట్టి, ఆ పదేళ్ళలో తామేం చేశారో చెప్పి దిగిపోతారు. నువ్వు మాత్రం పుస్తకం చేత్తో పట్టుకుని ఎక్కు, నచ్చిన పేరా ఒకటి గట్టిగా చదువు, అది ఎందుకు నచ్చిందో చెప్పు, దిగిపో. మూడు నిమిషాలు చాలు. నీ గురించి ఒక్క ముక్క కూడా వద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న