బిగిసిన బోల్ట్ దేనికి సాక్ష్యం?

కంటికి కనిపించే ఫలితాన్ని పట్టుకుని కనిపించని కారణం దాకా వెళ్లగలమా అన్నది న్యాయదర్శనంలో పాత తగాదా. గౌతముడి సూత్రాల రెండో అధ్యాయంలో ఒక పూర్వపక్షి లేచి, అనుమానం, అంటే చూసినదాని నుంచి చూడనిదాన్ని రాబట్టడం, ప్రమాణమే కాదంటాడు. ఏరు పొంగితే ఎగువన వాన పడిందంటున్నారే, దిగువన అడ్డుకట్ట పడినా ఏరు పొంగదా? చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వాన వస్తుందంటున్నారే, పుట్ట చెదిరినా అవి మోయవా? నెమలి కూత విని నెమలి ఉందంటున్నారే, ఆ గొంతును మనిషి అనుకరిస్తే? సిద్ధాంతి జవాబు చాలా చిన్నది: నువ్వు చూపినవి వేరు, మేము హేతువులన్నవి వేరు. వాత్స్యాయనుడి భాష్యం దాన్ని విప్పి చెబుతుంది. అడ్డుకట్ట వల్ల పెరిగిన నీటికీ వానకు వచ్చిన వరదకూ తేడా ఉంది. వరదకు వడి ఉంటుంది, నురగ ఉంటుంది, ఆకులూ పళ్లూ కట్టెలూ కొట్టుకొస్తాయి. ఈ జవాబులోని బలాన్ని మనం సాధారణంగా గుర్తించం. పూర్వపక్షి ‘ఏరు పొంగింది’ అనడంతోనే ఆగిపోయాడు. అనుమానం చెడింది అక్కడే. కారణం దగ్గర మనం చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఊహలో పుట్టవు, ఫలితాన్ని ముతకగా చెప్పుకోవడంలో పుడతాయి.

ఈ మాట నిలుస్తుందో లేదో చూడటానికి తార్కికులు చెప్పే కొండ మీది పొగకన్నా చేతికి తగిలే వస్తువు మేలు. ఎవరో ఏరికోరి చేయించుకున్న బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి ఉందనుకోండి. బారెల్ ఒకరి దగ్గర, కర్ర దిమ్మ ఇంకొకరి దగ్గర తయారైంది. అంతా బిగించాక బోల్ట్ గట్టిగా ఉంది. ఇలా చెబితే కారణాలు పది ఉంటాయి. కానీ ఎప్పుడు గట్టిగా ఉంది? మౌజర్ 1898 నమూనాలో పిడి పైకి ఎత్తడమనే ఒక్క కదలికలో మూడు పనులు జరుగుతాయి: బోల్ట్ ముందున్న రెండు చెవులు తమ గాడి నుంచి విడిపోతాయి, ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ నొక్కుకుంటుంది, చివర్లో పిడి మొదలు ఏటవాలు అంచు మీద జారి ఖాళీ తూటాను చాంబర్ నుంచి కాస్త వెనక్కి లాగుతుంది. ఖాళీ రైఫిల్‌లోనే పిడి లేవడం బరువైతే తూటాకు అందులో పాత్ర లేదు; స్ప్రింగ్, దాన్ని నొక్కే వాలు, గ్రీజు లేని చెవులు, వీటిని చూడాలి. కాల్చాక మాత్రమే బరువైతే కథ వేరు. మూసేటప్పుడు చివరి అంగుళంలో అడ్డుపడితే ఇంకా వేరు: తూటా భుజం ముందుకు ఉండవచ్చు, గుండు బారెల్ లోపలి గాడులను ముందే తాకుతూ ఉండవచ్చు, చాంబర్‌నే పొట్టిగా కోసి ఉండవచ్చు. లీ ఎన్‌ఫీల్డ్‌లో స్ప్రింగ్ నొక్కుకునేది పిడి ఎత్తేటప్పుడు కాదు, బోల్ట్‌ను ముందుకు తోసేటప్పుడు. కాబట్టి ‘పిడి లేవడం బరువైతే స్ప్రింగ్‌ను చూడు’ అనే సూత్రం మౌజర్‌కు చెల్లుతుంది, ఎన్‌ఫీల్డ్‌కు చెల్లదు. తార్కికులు ఉపాధి అన్నది ఇలాంటి దాగిన షరతునే. నిప్పున్న చోటల్లా పొగ ఉండదు. పచ్చి కట్టె ఉన్నప్పుడే ఉంటుంది. ఆ కట్టెను లెక్కలోకి తీసుకోనివాడు నిప్పును చూసి పొగను ఊహించి భంగపడతాడు.

ఫలితాన్ని సన్నగా చెప్పడం మొదటి మెట్టే. రెండోది అన్వయ వ్యతిరేకాలు: అది ఉంటే ఇది ఉండాలి, అది తీసేస్తే ఇది పోవాలి. తుపాకీ పని తెలిసినవాళ్లు చేసేదీ ఇదే. ముందుగా రైఫిల్‌లో తూటా లేదని చూసుకుని, బోల్ట్ లోపలి ఫైరింగ్ పిన్నును స్ప్రింగ్‌తో సహా తీసేసి మళ్లీ కదిపి చూస్తారు. బరువు పోతే దోషం అక్కడిది. పోకపోతే రైఫిల్‌ను కర్ర దిమ్మ నుంచి విడదీసి చూస్తారు. అప్పుడు తేలిగ్గా కదిలిందంటే చాలామంది అక్కడే సంబరపడి ఆగిపోతారు, తొందర అక్కడే. దిమ్మ నుంచి విడదీసినప్పుడు ఒకటి కాదు, రెండు మారాయి. దిమ్మను బిగించే ముందువైపు స్క్రూ పొడవెక్కువై దాని కొన చెవి దారిలోకి పొడుచుకొచ్చి ఉండవచ్చు; లేదా దిమ్మలో ఎగుడుదిగుడు ఉండి స్క్రూ బిగించేసరికి లోహపు చట్రమే రవ్వంత వంగుతూ ఉండవచ్చు. రెండూ ఒకే పరీక్షలో మాయమవుతాయి. వీటిలో ఏది కారణమో, ఏది తోడుగా వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. మన తెలుగువాడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదివే పిల్లలకు కుండ ఉదాహరణ ఉంటుంది: మట్టి మోసిన గాడిద కుండకు ముందు ఉండవచ్చు, అయినా కుండకు కారణం కాదు. ఇక్కడ గాడిద ఎవరో తేలాలంటే దిమ్మకు సంబంధం లేకుండా ఆ స్క్రూ ఒక్కదాన్నే, దిమ్మతో ఉన్నప్పుడు దిగినంత లోతుకే లోహంలోకి తిప్పి బోల్ట్ కదపాలి. అడ్డుపడి, స్క్రూ కొన మీద కొత్తగా రాసుకున్న మెరుపు కనిపిస్తే వ్యవహారం తేలినట్టే. ఆ మెరుపు వరద నీటిలో కొట్టుకొచ్చిన ఆకు లాంటిది. స్కోప్‌ను బిగించే ముందువైపు స్క్రూ కూడా పైనుంచి ఇదే అల్లరి చేయగలదు.

ఒక ఆక్షేపణ ఉంది, తేలిగ్గా కొట్టేయదగింది కాదు. వ్యాప్తి అంటే అనేక చోట్ల చూసి స్థిరపరచిన నియమం. ఫ్యాక్టరీ రైఫిల్‌కు తోబుట్టువులు లక్షల్లో ఉంటాయి, ఒకదానిలో తేలింది ఇంకొకదానికి ఉదాహరణ అవుతుంది. ఏరికోరి చేయించుకున్నది ఒక్కటే. దానికి సపక్షం, అంటే పోల్చదగిన తోటి ఉదాహరణ, ఎక్కడిది? ఇందులో సగం నిజం. ‘ఇలాంటి రైఫిళ్లలో ఎప్పుడూ అదే తేడా’ అనే మాట ఈ రైఫిల్ దగ్గర చెల్లదు, దాని మీద ఆధారపడినవాడు తప్పుదారి పడతాడు. కానీ జాతి మొత్తం వస్తువులోనే ఉండాలని ఏముంది? ఉక్కు, ఇత్తడి, స్ప్రింగ్, మర ఒక్కొక్కటీ తన జాతి నియమాన్ని ఈ రైఫిల్‌లోకీ తెచ్చుకుంది. ఒంటరిది కూర్పు మాత్రమే. అందుకే ఇక్కడ వ్యాప్తి వస్తువుకు కాక భాగానికి వర్తిస్తుంది. ఇంత విడదీసి చూడాల్సిన అవసరం ఫ్యాక్టరీ రైఫిల్ దగ్గర రాదేమో గాని, అక్కడ కూడా మనల్ని కాపాడేది ఇదే.

ఇంకో ఆక్షేపణ అనుభవం వైపు నుంచి వస్తుంది: నలభై ఏళ్ల చేతికి ఈ తర్కమంతా ఎందుకు, పిడి పట్టుకోగానే తెలుస్తుంది. దీనికి జవాబు అమెరికా చరిత్రలో ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో 1903 నమూనా రైఫిళ్ల రిసీవర్లను, అంటే బోల్ట్ కదిలే లోహపు చట్రాలను, కొలిమిలో కాల్చేటప్పుడు వేడి సరిపోయిందో లేదో పాత పనివాళ్లు రంగు చూసి కంటితోనే తేల్చేవాళ్లు. 1917లో కొన్ని పగిలాక సాధనాలతో కొలిచారు. ఎండ కాసిన రోజున వాళ్లు ‘సరైన వేడి’ అన్నది, మబ్బు రోజున అదే మాట అన్నదానికన్నా 300 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా ఎక్కువని తేలినట్టు జూలియన్ హ్యాచర్ 1947లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. ఎక్కువ కాలిన ఉక్కు పెళుసైంది. 8,00,000కు లోపు వరుస సంఖ్యలున్న స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లను నేటికీ అనుమానంగానే చూస్తారు. ఆ పనివాళ్లు నేర్పులేనివాళ్లు కారు, వాళ్ల కన్ను అబద్ధమూ చెప్పలేదు. కిటికీలోంచి పడే వెలుతురు అనే పచ్చి కట్టె వాళ్ల లెక్కలోకి రాలేదు, అంతే. చేతి అనుభవం ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఆ మేలు చిన్నది కాదు. తేల్చడం దాని పని కాదు.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ చార్వాకుడిది: ఎంత సన్నగా చెప్పినా, ఎన్ని పరీక్షలు చేసినా మనకు తోచని ఉపాధి ఒకటి మిగిలే ఉండవచ్చు కదా? న్యాయకుసుమాంజలిలో ఉదయనుడి జవాబు ప్రసిద్ధం. శంకకు హద్దు మన ప్రవర్తనే. పొగ కావాలంటే నిప్పు దగ్గరికే పోతూ నిప్పు కారణమా కాదా అని సందేహించడం నీ పనికి నువ్వే అడ్డుపడటం. శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధాన్ని సంస్కృతంలో రాసిన శ్రీహర్షుడే ఖండనఖండఖాద్యంలో దీన్ని ఎద్దేవా చేశాడు: విరోధం కనిపించడానికే ముందు శంక ఉండాలి, అలాంటప్పుడు విరోధం శంకను ఎలా ఆపుతుంది? పొడవు స్క్రూ విషయంలో నేను ఉదయనుడి పక్షం. స్క్రూ కొన అరగదీశాక బోల్ట్ తేలిగ్గా కదులుతుంటే, ఇంకా శంకించేవాడు కూడా అదే స్క్రూను వాడుకుంటాడు. కానీ కాల్చాక మాత్రమే పిడి లేవనప్పుడు లెక్క మారుతుంది. మామూలు ఒత్తిడిలో ఇత్తడి తొడుగు ఉబ్బి చాంబర్ గోడకు ఆనుకుని, మళ్లీ ముడుచుకుని కాస్త సందు వదులుతుంది. ఒత్తిడి మితిమీరితే ఇత్తడి తన పాత కొలతకు రాలేదు, సాగిన ఉక్కు మాత్రం వెనక్కి వచ్చి దాన్ని బిగించి పట్టుకుంటుంది. గరుకు చాంబర్ కూడా ఇదే బిగువు చూపగలదు. రెండింటినీ వేరుచేయడానికి అదే తూటా ఇంకొకటి కాల్చడం అనే పరీక్ష ఉంది, అది కంటినీ ముఖాన్నీ పణంగా అడుగుతుంది. ఇక్కడ శంకించేవాడి ప్రవర్తనలో విరోధమేమీ లేదు. వాడు రైఫిల్ కింద పెట్టేస్తాడు. ఉదయనుడి వాదం ఇక్కడ ఆగుతుంది. మిగిలేది కాల్చిన తొడుగును కూర్చుని చదవడమే: అడుగున ఎజెక్టర్ గుంట అచ్చు పడిందా, ప్రైమర్ చదునైందా, ఒంటి మీద చాంబర్ గరుకు గీతలు దిగాయా. వాటిలోనూ చదునైన ప్రైమర్ ఒక్కదాన్నే నమ్మకూడదు. తూటా వెనక సందు ఎక్కువగా ఉన్న రైఫిల్‌లో మామూలు మందు కూడా దాన్ని చదును చేయగలదు.